నరాలకు మేత

రొయ్యల గుంటల గట్టు,
వాకాడు దగ్గర,
మార్చి 6

భవానక్కకు, తమ్ముడు చిన్నబాబు రాస్తున్నది.

క్షేమం అని రాయడం లేదు. నువ్వు ఎట్లాగూ నమ్మవు. పోయిన వారం మీ ఆసుపత్రిలో పరీక్ష అయినాక నన్ను రైలెక్కిస్తూ, "ఫోన్లో నీకు నోరు పెగలదు గానీ కాగితం మీదన్నా రాయి రా" అన్నావు కదా. నిజమే. నాది బటన్ల ఫోను. గుంటల దగ్గర సిగ్నల్ కావాలంటే షెడ్డు పైకెక్కి అరవాలి. పొద్దున్నుంచి ఎన్నిసార్లు చెంబు పట్టుకుని పోయినానో షెడ్డెక్కి అరిచేదానికి నాకు సిగ్గు. అందుకే మేత సంచి ఒళ్లో పెట్టుకుని దాని మీద రాస్తున్నాను.

రైలు సూళ్లూరుపేట దాటకముందే మెలిపెట్టడం మొదలైంది. బాత్రూములోకి పోయినోడిని నాయుడుపేటలోనే బయటికొచ్చినాను. తలుపు బాదినోళ్లు బాదినట్టే ఉన్నారు.

నువ్వు చెన్నైలో కాపురం పెట్టి పన్నెండేళ్లయింది, నాకిది మొదలై ఎనిమిదేళ్లు. అంతా నీకు తెలియదు. పడవలో ఆరుగురం పోయేవాళ్లం. ఒకరోజు వల లాగే వేళకు కడుపులో పట్టేసి చేతులు వదిలేసినాను. వలలో పడిందంతా పోయింది. తర్వాత నన్ను ఎవరూ పడవకు పిలవలేదు. "చిన్నబాబుకు సముద్రమంటే భయం, కడుపు నొప్పి ఒక సాకు" అన్నారు. అప్పటి నుంచి ఇట్లా రొయ్యలకు మేత చల్లుకుంటూ బతుకుతున్నాను. తెప్ప మీద ఒక్కడినే ఉంటాను, ఎప్పుడు గట్టెక్కినా అడిగేవాడు లేడు.

స్కానింగులో ఏమీ లేదన్నారు. రక్తంలో ఏమీ లేదన్నారు. మన ఊరి ఆర్.ఎం.పి. గంగాధరం "నరాల బలహీనత అబ్బయా" అని నెలకొక సూది పొడిచినాడు. నరాల బలహీనత అంటే గట్టు మీద మగోళ్లు ఏమనుకుని నవ్వుతారో నీకు తెలుసు. పేరమ్మ కూడా కొన్నాళ్లు నన్ను అదోలా చూసింది. కట్టుకున్నదానికే నమ్మకం లేనప్పుడు ఇంకెవరికి చెప్పుకునేది?

మీ ఫేబీ డాక్టరమ్మ గొట్టం పెట్టి నా పేగులోంచి చిన్న ముక్క తీసుకుంది కదా. పరిశోధనకు అని చెప్పింది. ఆ ముక్కలు చూసేది నువ్వేనంట. అక్కా, అందులో ఏదైనా కనబడితే నాకు రాయి. క్యాన్సరైనా సరే. ఏమీ లేదని మాత్రం రాయొద్దు. అది ఇంకొకసారి వినే ఓపిక నాకు లేదు.

నీ తమ్ముడు,
చిన్నబాబు

---

పెరంబూరు, చెన్నై,
ఏప్రిల్ 2

చిన్నా,

క్యాన్సరైనా సరే అని ఇంకోసారి రాశావంటే వచ్చి చెంప పగలగొడతాను. క్యాన్సర్ లేదు. కానీ ఏమీ లేకపోవడం కూడా కాదు. నీ ముక్క నేను చూశాను.

నువ్వుగింజంత ముక్క అది. దాన్ని మైనంలో పెట్టి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరిచి రంగు పట్టిస్తాం. ఒక రకం ప్రోటీన్ ఉన్నచోట మాత్రమే గోధుమ రంగు తేలుతుంది. నీ స్లైడులో ఎక్కడ చూసినా గోధుమ రంగే. ఆ ప్రోటీన్ పని నరాలను పెంచడం. కొద్దిగా అందరికీ ఉండాలి. ఎక్కువైతే పేగులో నరాల కొసలు ఎక్కువగా మొలుస్తాయి, ఉన్నవి కూడా చిన్నదానికే ఉలిక్కిపడతాయి. తిన్న అన్నం పేగులో కదలడం నాకు తెలియదు, బావకు తెలియదు. నీకు మాత్రం కత్తితో గీసినట్టు తెలుస్తుంది.

నీకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఆ ప్రోటీన్ నరాలకు మేత. మేత ఎక్కువ పడింది, నరాలు ఎక్కువ పెరిగాయి. అంతే. గంగాధరానికి చెప్పు, మా తమ్ముడి నరాలు బలహీనం కాదు, ఉండాల్సిన దానికంటే చురుకని.

ఇంకో సంగతి. ఆ ప్రోటీన్‌ని విడిచిపెట్టే కణాలు కొన్ని నరాల పక్కనే కాపు కాస్తుంటాయి. వాటిని మాస్ట్ కణాలంటారు. నీతో పనిచేసే మస్తాన్‌కి చెప్పు, నీ పేరు పెట్టుకున్నవాళ్లు మా తమ్ముడి కడుపులో కూడా ఉన్నారని.

మందు సంగతి దాచను. ఇప్పటికి లేదు. ఈ ప్రోటీన్‌ని అడ్డుకునే మందు ఒకటి కీళ్ల నొప్పులకు వాడి చూశారట. కొందరికి కీళ్లే పాడవడంతో ఆపేశారని డాక్టరమ్మ చెప్పారు. పేగుల కోసం ఇంకా వెతుకుతున్నారు. ఈలోగా ఆమె రాసిచ్చిన మాత్రలు వేసుకో. నీ నొప్పి నిజం. నువ్వు కల్పించుకున్నది కాదు.

అక్క,
భవాని

---

రొయ్యల గుంటల గట్టు,
ఏప్రిల్ 21

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినానో చెబితే నవ్వుతావు. మొదటిసారి చదివి షెడ్డు వెనక్కి పోయి ఏడ్చినాను. రోగం ఉందని తెలిసి ఇంత సంతోషపడే వెధవను నేనొక్కడినే అయ్యుంటాను.

గట్టు మీద అందరికీ చదివి వినిపించినాను. మస్తాన్ తన పేరు వచ్చేసరికి "నేనేం చేసినానయ్యా నీ కడుపుకి" అన్నాడు. గంగాధరం ఇంటికి పోయి మరీ చదివినాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండు వైపులా తిప్పి చూసి నా చేతికిచ్చేసినాడు. ఇంటికొచ్చి పేరమ్మకు చదివినాను. అది పొయ్యి ఆర్పేసింది. తర్వాత నా పక్కన కూర్చుని, "ఇన్నేళ్లూ నిన్ను నానా మాటలన్నాను" అంది. ఎనిమిదేళ్లలో నా కడుపు మీద చెయ్యి పెట్టడం అదే మొదలు.

ఇక్కడ మూడో గుంటలో వైట్ గట్ తగిలింది. రొయ్య పేగు నల్లగా దారంలా కనబడాలి, తెల్లబడిపోయింది. టెక్నీషియన్ వచ్చి చూసి, "ముందు మేత కట్ చేయండి" అన్నాడు. పేగుకు ఏ జబ్బొచ్చినా మేము మొదట చేసేది అదే. సగం కట్ చేసి, చెక్ ట్రేలో కొంచెం మేత పెట్టి గుంటలోకి దించి, ఎంత తిన్నాయో ఎత్తి చూస్తాం. తగ్గకపోతే పూర్తిగా ఆపేస్తాం.

ఒక మాట అడగాలి. ఆ ప్రోటీన్ నాకు ఎందులోంచి వస్తోంది? మా మేత సంచి మీద ప్రోటీన్ 35 శాతం అని అచ్చేసి ఉంటుంది. చేపపొడి, సోయాపిండి కలిపి చేస్తారు. పేరమ్మను అంగన్‌వాడీ టీచరు ఆనందకుమారిని అడగమన్నాను. చేప, గుడ్డు, పప్పు, పాలు, వీటన్నిటిలో ప్రోటీనే అని చెప్పిందంట. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి తిన్నది చేపే కదక్కా. జవాబు రాయి.

చిన్నబాబు

---

పెరంబూరు,
మే 19

చిన్నా,

ఆలస్యమైంది. డాక్టరమ్మ తొందరపెడుతున్నారు, ఇంకా వంద స్లైడులకు పైగా మిగిలాయి. కళ్లు లాగేస్తున్నాయి.

నా ఉత్తరం ఊరంతా చదివావా? నీకేమైనా బుద్ధుందా? అది నీకు రాసింది. ఇక్కడ మాకు కొన్ని నియమాలుంటాయి. అట్లా రాయడమే నాది తప్పు. ఇక ఎవరికీ చూపించకు, ముఖ్యంగా ఆగస్టులో రెండో పరీక్షకు వచ్చినప్పుడు డాక్టరమ్మ దగ్గర ఎత్తకు.

నువ్వు అడిగిన దానికి తీరిగ్గా రాస్తాను. కారం, నూనె తగ్గించి తేలిగ్గా తిను. పేరమ్మను కోప్పడకు.

భవాని

---

రొయ్యల గుంటల గట్టు,
జూన్ 30

భవానక్కకు,

నువ్వు తీరిగ్గా రాస్తానన్నది రాలేదు గానీ, ఇక రాయకపోయినా ఫరవాలేదు. నొప్పి తగ్గింది.

నిజంగానే అక్కా. మొదట రోజుకు ఆరుసార్లు పోయేవాడిని రెండుసార్లకు వచ్చింది, ఇప్పుడు రెండు రోజులకు ఒకసారి. మెలిపెట్టడం దాదాపు లేదు. పోయిన మంగళవారం పేరమ్మ వాళ్లన్న పడవలో మనిషి తక్కువైతే నేను పోయినాను. పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేసినాము. వల నేను కూడా లాగినాను. మధ్యలో రెండుసార్లు ఆగినాను గానీ కడుపు మాత్రం నోరెత్తలేదు. ఒడ్డున దిగేసరికి ఎవరో "ఏంది చిన్నబాబూ, భయం తీరిందా" అన్నారు. నాకు కోపం కూడా రాలేదు.

ఏ మందు వాడినావని అడుగుతావు. మందు కాదు, మనకు తెలిసిన పద్ధతే. సగంతో మొదలుపెట్టినాను. పూర్తిగా తీరినాక చెబుతాను, ముందే చెబితే తిడతావు.

మూడో గుంట మాత్రం దక్కలేదు. జబ్బు తగ్గింది గానీ రొయ్య గుల్లయిపోయింది, పట్టుకుంటే పెంకు లోపల కండ లేదు. వచ్చినకాడికి చాలని ముందే పట్టేసినారు.

చిన్నబాబు

---

పెరంబూరు,
జూలై 17

నా చిన్నబాబుకు,

నువ్వు వల లాగావని చదివి బావకు ఫోన్ చేసి చెప్పాను, ఆయన ఆఫీసులో ఉన్నారని కూడా చూడకుండా. నాయన ఉంటే ఆ రోజు నీకు ఎదురొచ్చి వల అందుకునేవాడు.

ఏం పద్ధతి రా అది? ఆకులు, పసర్లు మింగడం లేదు కదా? ఏదైనా సరే ఆగస్టు పన్నెండున ఇక్కడ ఉండాలి. నీ బరువు ఎంతుందో చూసుకుని రా, మార్చిలో యాభై ఎనిమిది ఉన్నావు. పొద్దున్నే వచ్చెయ్, వంజరం చేప వేపుడు చేసి పెడతాను. ఇప్పుడు తినగలవు కదా.

అక్క

---

నాయుడుపేట ఆసుపత్రి నుంచి,
ఆగస్టు 14

వదినకు పేరమ్మ రాసేది.

పన్నెండో తేదీ మీ తమ్ముడు రాలేదని ఫోన్ మీద ఫోన్ చేసినావు. ఒంట్లో బాగాలేదు, తర్వాత వస్తాడని చెప్పించినాను. నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నా.

పదో తేదీ పొద్దున మేత చల్లుతూ తెప్ప మీద నుంచి గుంటలో పడినాడు. కళ్లు తిరిగినాయి. మస్తాన్ దూకి పైకి లాగినాడు. లాగినప్పుడు తడిసిన చొక్కా తప్ప మనిషి బరువే లేడని మస్తాన్ ఏడ్చినాడు. ఇక్కడ తూకం వేస్తే నలభై ఒకటి వచ్చింది.

తినడం మానేసినాడు వదినా. మొదట చేప వద్దన్నాడు, గుడ్డు వద్దన్నాడు. కడుపుకి పడదేమో అనుకున్నా. తర్వాత పప్పు, మజ్జిగ కూడా. రెండు నెలల నుంచి గంజినీళ్లు, చారు కలిపిన నాలుగు ముద్దలు. నేను పెట్టింది గుంట దగ్గర తింటానని టిఫిను గిన్నెలో తీసుకుపోయి కుక్కలకు వేసేవాడంట. నొప్పి తగ్గింది తగ్గింది అని సంతోషంగా తిరుగుతుంటే నేనూ సంతోషపడినా. నా మొగుడు నా కళ్ల ముందే ఎండిపోతుంటే బాగైనాడనుకున్నా. నా కళ్లు కాలిపోను.

నీ ఉత్తరం ఆయన జేబులో ఉండింది, నీళ్లకు తడిసింది. ప్రోటీన్ నరాలకు మేత అని రాసినావే, ఆ మాట కింద పెన్నుతో గీత గీసుకున్నాడు. వదినా, నువ్వు చదువుకున్నదానివి, నీకు అది మాట. ఇక్కడ మేత అంటే ఒకటే అర్థం. పేగుకు జబ్బొస్తే మేత ఆపుతారు.

డాక్టర్లు తినమంటే వినడం లేదు. "అక్క చూసి చెప్పాలి, నా పేగులో గోధుమ రంగు పోయిందో లేదో" అంటున్నాడు. నువ్వు వచ్చి పోయింది అని ఒక్క మాట చెప్పు. నువ్వు చెబితేనే తింటాడు.

పేరమ్మ

---

పెరంబూరు,
సెప్టెంబర్ 8

చిన్నా,

ఆసుపత్రిలో నీ మంచం పక్కన మూడు రోజులు కూర్చున్నాను. సెలైన్ ఎక్కుతున్న నీ చెయ్యి పట్టుకుని, ఇప్పుడు చెబుతాను, ఇంకాసేపట్లో చెబుతాను అనుకుంటూ చెప్పకుండానే రైలెక్కాను. నువ్వు "రంగు పోయిందా అక్కా" అని అడిగినప్పుడల్లా, రెండో పరీక్ష అయితే గానీ తెలియదన్నాను. ఆ మాట కూడా తప్పించుకోవడానికే.

నీ ముక్క నేను చూశానని రాసింది అబద్ధం.

మా దగ్గర ఏ ముక్క ఎవరిదో మాకు తెలియకూడదు. స్లైడు మీద నంబరు తప్ప పేరుండదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన వారం, ఒక స్లైడు నిండా గోధుమ రంగు కనబడింది. ఇంత ఉన్నది ఎవరికి, ఇది మా చిన్నాదే అయ్యుంటుంది అనుకున్నాను. అనుకున్నదాన్ని చూసినట్టు రాశాను. ఏమీ లేదని రాయొద్దన్నావు. నాకు తెలియదు అని రాసి ఉండాల్సింది. ఆ రెండు ముక్కలు రాయడానికి నాకు చేతులు రాలేదు.

పోయిన శుక్రవారం నంబర్లు విప్పారు. ఇరవై ఏడు నీది. ఆ గోధుమ రంగు స్లైడు ఎవరో ఆరణి నుంచి వచ్చిన టీచరమ్మది. నీ ముక్కలో ఆ ప్రోటీన్ అందరికీ ఉన్నంతే ఉంది. నేను నాలుగుసార్లు చూశాను, ఫేబీ డాక్టరమ్మ చేత కూడా చూపించాను. జరిగిందంతా ఆమెకు చెప్పేశాను. నన్ను ఆ పని నుంచి తీసేశారు. అది నాకు తగిన శాస్తే.

నువ్వు అడిగినదానికి జవాబు కూడా ఇప్పుడే రాస్తున్నాను, మే నెలలోనే రాయాల్సింది. ఆ ప్రోటీన్ తిండిలోంచి రాదు. ఒళ్లే తయారుచేసుకుంటుంది. చేప మానితే తగ్గేది కాదు, తింటే పెరిగేది కాదు. పేగులో కదలడానికి ఏమీ లేదు కాబట్టి నీ నొప్పి తగ్గింది, అంతే. రెండు వాక్యాలు రా. స్లైడుల పని అని వాయిదా వేశాను.

పేరమ్మ కోరినట్టు "రంగు పోయింది, తిను" అని రాసేదాన్నే. కాగితం మీద సగం రాశాను కూడా. కానీ తింటే నీకు మళ్లీ నొప్పి వస్తుంది. వచ్చినప్పుడు మళ్లీ మేత ఆపుతావు. ఈసారి లాగడానికి మస్తాన్ దగ్గర లేకపోతే?

ఈ జబ్బున్న చాలామందిలో ఆ ప్రోటీన్ మామూలుగానే ఉంటుందట. వాళ్ల నొప్పి దేనివల్లో ఇంకా ఎవరికీ తెలియదు. తెలియకపోవడం అంటే లేకపోవడం కాదు. నీ నొప్పి నిజం, చిన్నా. దాన్ని నేను ఏ స్లైడు మీదా చూపించలేను, కానీ నిజం. తిను. నన్ను తిట్టుకుంటూ అయినా తిను.

భవాని

---

రొయ్యల గుంటల గట్టు,
నవంబర్ 11

భవానక్కకు,

తింటున్నాను. ముందు ఆ మాట రాస్తే నీకు ఊపిరాడుతుందని రాస్తున్నాను. నలభై ఆరుకు వచ్చినాను. మేత ఆపిన గుంటలో మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక్కసారిగా వేయం, గుప్పెడుతో మొదలుపెడతాం. పేరమ్మ కూడా అట్లాగే పెడుతోంది. కంచం నా ముందు పెట్టి పోయి, రెండు గంటల తర్వాత వచ్చి ఎంత మిగిలిందో చూస్తుంది. చెక్ ట్రే ఎత్తినట్టే. నవ్వొస్తుంది గానీ అది నవ్వదు.

నొప్పి తిరిగొచ్చింది. ముందున్నంతా వచ్చింది. నిన్న మేత సగం చల్లేసరికే గట్టెక్కి పరిగెత్తినాను. పేరమ్మ వాళ్లన్న పడవకు పిలిస్తే రానని చెప్పినాను. తింటే నొప్పి, తినకపోతే పోతాను. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవాలని రోజుకు మూడు పూటలా కంచం ముందు కూర్చుంటున్నాను. జూన్‌లో ఆ ఒక్కరోజు వల లాగకుండా ఉండాల్సింది అక్కా. ఎట్లా ఉంటుందో మర్చిపోయినవాడికి మళ్లీ గుర్తుచేసినట్టయింది.

నీ మీద కోపం ఉందా అంటే ఉంది. అబద్ధం రాసినందుకు కాదు. నేను అడిగి రాయించుకున్నదే కదా. నిజం రాసినందుకు కూడా కాదు.

నీ సెప్టెంబర్ ఉత్తరం గట్టు మీద ఎవరికీ చదవలేదు. పేరమ్మకు కూడా. వాళ్లందరి లెక్కలో చిన్నబాబు పేగులో నరాలు ఎక్కువ, చెన్నైలో చూసినారు. మొన్న గంగాధరం ఎవరికో అదే చెబుతున్నాడు, తనే కనిపెట్టినట్టు. పేరమ్మ ఇప్పటికీ నొప్పి వచ్చినప్పుడు కడుపు మీద చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి నీ మొదటి ఉత్తరం వల్ల వచ్చింది. దాన్ని పోగొట్టుకోలేను. కాబట్టి ఇక మీదట నేను కూడా అబద్ధం ఆడుతూనే ఉండాలి, ఆ చెయ్యి పడినప్పుడల్లా.

కోపం దేనికంటే, ఏప్రిల్‌ది, సెప్టెంబర్‌ది, ఆ రెండు ఉత్తరాల్లోనూ నీ నొప్పి నిజం అని రాసినావు. అచ్చు అదే మాట. మొదటిసారి నన్ను ఏడవనీయకుండా ఉండేదానికి రాసినావు. రెండోసారి కూడా అందుకే రాసినావేమో నాకెట్లా తెలిసేది? ఒకవేళ గట్టు మీద వాళ్లు మొదట అన్నదే నిజమేమో, నా కడుపులో నిజంగానే ఏమీ లేదేమో, ఎనిమిదేళ్లుగా నేనే ఏదో చేసుకుంటున్నానేమో అని ఇప్పుడు నాకే అనిపిస్తోంది. ఇంతకు ముందు ఎవరు నమ్మకపోయినా నేను నమ్మేవాడిని.

ఇరవై ఏడు నంబరు స్లైడు పారేయొద్దని డాక్టరమ్మకు చెప్పు. ఎప్పటికైనా ఇంకో రంగేదైనా కనిపెడితే దాని మీద వేసి చూడమను. అప్పుడు కూడా నువ్వు రాయొద్దు, ఆమెనే రాయమను.

పేరమ్మ కంచం పెట్టి పోయింది. అన్నం, కానాగంతల చేపల పులుసు. రెండు గంటల్లో వస్తుంది. చల్లారకముందే తినాలి.

చిన్నబాబు